ఒకే షేడ్ సీసాలు

ఆమె మొదటి గుక్క నోట్లో పోసుకుని, కళ్ళు మూసుకుని, బుగ్గల్లో అటూ ఇటూ తిప్పి, పక్కనున్న స్టీలు గిన్నెలోకి ఉమ్మేసింది.

పెద్దాయన కుర్చీలోంచి సగం లేచాడు.

"బాలేదా అమ్మా?"

"బాగుంది సార్."

"మరి ఉమ్మేశారేం?"

"బాగున్నా ఉమ్మేస్తాం సార్. ఇంకా చాలా రుచి చూడాలి కదా. అన్నీ మింగుతూ పోతే, చివరికి ఈ కుర్చీలు కూడా బాగున్నాయంటాను."

పెద్దాయన మళ్ళీ కూర్చున్నాడు గానీ, చూపు మాత్రం గిన్నెలోనే ఉండిపోయింది. ఓడలెక్కి, కస్టమ్స్ వాళ్ళ చేతులు దాటి వచ్చిన సరుకు, పాలు కాచుకునే గిన్నెలో నురగ కక్కుతూ పడి ఉంది. గిన్నె తెచ్చి ఇచ్చిన ఆయన భార్య గుమ్మం దగ్గరే నిలబడి చూస్తోంది. ఆ గిన్నె ఇక వంటింటి గడప తొక్కదని ఆవిడ అప్పుడే నిర్ణయించేసుకుంది.

వచ్చినామె ఊళ్ళోకెల్లా పెద్ద హోటల్లో వైన్ ఎంపిక చేసే ఉద్యోగి. ఆ హోటలు పై అంతస్తులో కొత్త రెస్టారెంటు తెరవబోతోంది. అక్కడ ఏ సీసా ఉండాలో తేల్చేది ఆమె. పెద్దాయన వైన్ వ్యాపారం మొదలుపెట్టాక ఆయన గుమ్మం తొక్కిన మొదటి అసలైన కస్టమరు కూడా ఆమే. అంతకుముందు వచ్చినవాళ్ళంతా ముందు గదిలో బాత్రూమ్ టైల్స్ చూడటానికి వచ్చి, దారి తప్పి వెనక గదిలోకి వచ్చినవాళ్ళు.

"మా అబ్బాయి వివరంగా చెబుతాడు. బాగా చదువుకున్నాడు" అన్నాడు పెద్దాయన.

అబ్బాయి గొంతు సవరించుకుని, నున్నటి కాగితం మీద అచ్చువేయించిన క్యాటలాగు తెరిచాడు.

"ఈ ఎర్ర వైన్‌లో నల్లద్రాక్ష గాఢత ఉంటుంది. ఆ వెనకే తోలు పరిమళం. చివరగా, పాత గ్రంథాలయంలోని నిశ్శబ్దం."

ఆమె గ్లాసు కింద పెట్టింది.

"నిశ్శబ్దం ఏం వాసన వేస్తుందండీ?"

"అది ఒక అనుభూతి."

"ఎవరి అనుభూతి? మీరు తాగారా?"

అబ్బాయి తండ్రి వైపు చూశాడు. తండ్రి గర్వంగా తల ఊపాడు.

"మా ఇంట్లో ఎవరూ సరుకు ముట్టుకోరమ్మా. అది మా పద్ధతి. అమ్మేవాడు సరుకు మీద మనసు పడ్డాడంటే ఇంక వ్యాపారమేం చేస్తాడు? ఇన్నేళ్ళు టైల్స్ అమ్మాను. మా ఇంట్లో ఇప్పటికీ సిమెంటు గచ్చే."

"మరి తోలు పరిమళం ఎలా రాశారు?"

"ఇంటర్నెట్లో ఉంది" అన్నాడు అబ్బాయి. కాసేపాగి, "చెప్పులు కూడా ఉన్నాయి కదా" అన్నాడు.

ఆమె నవ్వలేదు. నవ్వకుండా ఉండటానికి పడిన అవస్థ మాత్రం పెదవి చివర కనిపించింది. అబ్బాయి పని అయిపోయింది అక్కడే.

*

ఆ కుటుంబం వైన్‌లోకి దిగడం వెనక పెద్ద పరిశోధన ఏమీ లేదు. పెద్దాయన విదేశంలో టైల్స్ ప్రదర్శనకి వెళ్ళాడు. పగలంతా పైసా పైసాకి ప్రాణం తీసిన కొనుగోలుదారులు, సాయంత్రం భోజనాల దగ్గర ఒక సీసాని పసిబిడ్డలా ఒడిలో పెట్టుకుని, లేబుల్ చదివి, ఒక్క మాట బేరమాడకుండా డబ్బు ఇచ్చేశారు. ఆయనకి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

"నేల మీద వేసే దానికి బేరం. గొంతులో పోసుకునే దానికి బేరం లేదు. ఇన్నాళ్ళూ తప్పు సరుకు అమ్మానే" అన్నాడు ఇంటికొచ్చి.

"మనకి తెలియని వ్యాపారం కదా" అంది భార్య.

"టైల్స్ మాత్రం పుట్టుకతో తెలుసా?"

ఆవిడ ఇంకేమీ అనలేదు. ఆయనతో కాపురం చేసి ఆవిడ నేర్చుకున్న విద్యల్లో మొదటిది, ఏ మాట దగ్గర ఆగాలో తెలియడం.

కామర్స్ చదివిన కొడుకుని ఇంపోర్ట్ కాగితాలకీ క్యాటలాగ్‌కీ నియమించారు. కాగితాలు వాడు చక్కగానే చూశాడు. క్యాటలాగు మాత్రం, పెళ్ళిచూపులకి వెళ్ళకుండానే పెళ్ళికూతుర్ని వర్ణించినట్టు రాశాడు.

ఆ వర్ణనలు సరిదిద్దుకునే వంకతో ఇప్పుడు హోటల్ చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు.

"క్యాటలాగ్ గారూ, మళ్ళీ వచ్చారా?" అంది ఆమె మూడోసారో నాలుగోసారో.

"ఒక సందేహం మేడమ్. ఈ తెల్ల వైన్‌కి 'సముద్రపు గాలి' అని రాశాను. ఉంచనా, తీసెయ్యనా?"

"అది ఫోన్లో అడగొచ్చుగా."

"ఫోన్లో గాలి సరిగ్గా వినపడదు కదండీ."

ఆమె ఒక గ్లాసులో కొంచెం ఎర్ర వైన్ పోసి అతని ముందుకు తోసింది.

"తాగండి."

"మా ఇంట్లో..."

"ఇది మీ సరుకు కాదు. వేరేవాళ్ళది. మీ పద్ధతికేం భంగం రాదు."

అతను అటూ ఇటూ చూశాడు. తండ్రి కర్టెన్ వెనక ఉన్నాడేమోనన్న అనుమానం అతనికి ఎక్కడికెళ్ళినా ఉంటుంది. ఒక గుక్క తాగాడు. మొహం ముడుచుకుపోయింది.

"ఏముంది అందులో?"

"అడవి పళ్ళ..."

"క్యాటలాగ్ గారూ."

"పుల్లగా ఉంది" అన్నాడు ఓడిపోయినట్టు. "నాలుక పట్టేసింది. పచ్చికాయ కొరికినట్టుంది. ఇంతమంది దీన్ని ఎందుకు తాగుతారో అర్థం కావట్లేదు."

"మన పరిచయంలో మీరు చెప్పిన మొదటి నిజం ఇది" అంది ఆమె. ఈసారి నవ్వింది. అతను రెండో గుక్క కూడా తాగాడు, ఆ నవ్వు అయిపోతుందేమోనన్న భయంతో.

ఆ తర్వాత రోజుల్లో ఆమె కొన్ని సంగతులు చెప్పింది. హోటల్ మేనేజరుకి వైన్ అంటే హాల్లో వేలాడే షాండ్లియర్ లాంటిదట. వెలిగిందా లేదా అన్నది ముఖ్యం కాదు, వేలాడుతోందా లేదా అన్నదే. పై అంతస్తు రెస్టారెంటుకి వైన్ తనే ఎంచుతానని అతనితో నెలల తరబడి పోట్లాడింది. చివరికి సరేనన్నాడు, సంతకం ఆమెదే ఉండాలన్న షరతు మీద.

"పొరపాటు జరిగితే మీ పేరు చెప్పొచ్చు కదా అని అతని ఆలోచన" అన్నాడు అబ్బాయి.

"ఫర్వాలేదే. మీకు కాగితాల్లో లేనివి కూడా అర్థమవుతాయన్నమాట. అవును. ఒక్క తప్పు జరిగితే నన్ను మళ్ళీ కింద బాంక్వెట్ హాల్లో జ్యూసులు చూసుకోమంటాడు. అక్కడ రెండేళ్ళు చూశాను. మళ్ళీ వెళ్ళను."

చివరికి ఆమె ఆర్డరు ఇచ్చింది. ఒకే తోట, ఒకే ఎర్ర వైన్. కంటెయినర్లో రెండు సంవత్సరాల సరుకు వస్తోంది. మొదటి ఏడాది ఎండలు బాగా కాసి ద్రాక్ష పండింది. మరుసటి ఏడాది కోతల ముందు వానలు పడి పలచబడింది. లేబుల్ ఒకటే, సీసా ఒకటే. తేడా అంతా సీసా మెడ మీద అంటించిన చిన్న కాగితంలో, అంటే సంవత్సరంలోనే ఉంటుంది.

"నాకు ఎండ ఏడాదిదే కావాలి. వానది ఒక్క సీసా కూడా కలవకూడదు. రెస్టారెంటు మెనూలో ఆ సంవత్సరం వేస్తాం. దాని కింద నా మాట ఉంటుంది."

"నా ప్రాణం అడ్డుపెట్టి కాపాడతాను."

"ప్రాణం వద్దు. ఏసీ పెట్టించండి చాలు."

*

కంటెయినర్ వచ్చేసరికి అబ్బాయి రేవులో ఉన్నాడు. టైల్స్ కంటెయినర్ ఒకటి కాగితాల దగ్గర ఇరుక్కుంటే విడిపించడానికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి పెద్దాయన గోడౌన్ ముందు, పరీక్ష బాగా రాసిన పిల్లాడిలా నిలబడి ఉన్నాడు.

"రా. చూద్దువుగాని."

లైటు వేశాడు. లోపల ఏసీ చల్లగా ఉంది. పెట్టెలు వరసగా, గీత గీసినట్టు ఉన్నాయి. తెరిచి పెట్టిన పెట్టెల్లో ప్రతి సీసా మెడకీ బంగారు రంగు స్టిక్కరు. దాని మీద సింహం. సింహం కింద వాళ్ళ ఇంటిపేరు.

"ఇదేంటి నాన్నా?"

"మన బ్రాండు. పండించినవాడి పేరు ముందు పలకంత, తెప్పించినవాడి పేరు వెనక చీమ తలకాయంత. ఎందుకూ? మనం లేకపోతే వీళ్ళ మొహం ఈ ఊళ్ళో ఎవరు చూసేవాళ్ళు?"

"దీని కింద సంవత్సరం ఉండాలి."

"ఉంది. కొన్నిటి మీద ఒకటి, కొన్నిటి మీద ఇంకోటి. చూడ్డానికి ఏం బాలేదు. కప్పించేశాను."

అబ్బాయి పెట్టెల వైపు చూశాడు. "పోనీ, పెట్టెలు వేటికవి విడిగానే ఉన్నాయిగా?"

"ఎక్కడ? ఆ తోటవాడికి సర్దడం రాదురా. షేడ్లన్నీ కలగలిపేశాడు. నేను దగ్గరుండి ప్రతి సీసా వెనకా టార్చి కొట్టి చూసి, షేడ్ మ్యాచ్ చేయించాను. ఇప్పుడు ఏ పెట్టె విప్పినా లోపలంతా ఒకటే రంగు. కస్టమరు నోరు మెదపడు."

టైల్స్ వ్యాపారంలో ఇది పెద్ద విద్య. ఒకే డిజైను టైల్స్ కూడా ఒక్కో విడతలో వెంట్రుకవాసి తేడాతో వస్తాయి. చూడకుండా కలిపి వేస్తే గది మధ్యలో మచ్చ పడ్డట్టుంటుంది. అందుకని వెలుతురులో పెట్టి, కన్ను చిట్లించి, రంగుకి రంగు జత చేస్తారు. ఆ కన్ను మీదే పెద్దాయన ఇల్లు కట్టాడు, కొడుకుని చదివించాడు. ఇప్పుడా కన్నుతోనే రెండు సంవత్సరాల వైన్‌ని నాలుగు రకాల ఎరుపులుగా విడగొట్టి, పాత పెట్టెల మీది గుర్తులు అసహ్యంగా ఉన్నాయని కొత్త పెట్టెల్లోకి మార్పించాడు.

అబ్బాయి ఒక పెట్టె మీద కూలబడ్డాడు.

"లేవరా. సరుకు" అన్నాడు తండ్రి.

అతను ఒక సీసా తీసి స్టిక్కరు అంచు గోటితో లేపాడు. టైల్స్ శాంపిళ్ళని అట్ట మీద అంటించే జిగురు అది. జన్మలో ఊడదని దాని కంపెనీవాడు ఊరికే చెప్పలేదు. స్టిక్కరుతో పాటు మెడ మీది కాగితం కూడా చిరిగి పీలికలుగా వచ్చింది. సంవత్సరం ఉండాల్సిన చోట తెల్లటి మరక మిగిలింది.

"ఇప్పుడు ఏది ఏ సంవత్సరమో ఎలా తెలుస్తుంది నాన్నా?"

"లోపల ఎక్కడా ఉండదా?"

"కార్కు మీద ఉంటుంది."

"మరింకేం. తీసి చూడు."

"తీశాక ఇంక అమ్మలేం."

పెద్దాయన కాసేపు సింహాన్ని చూశాడు.

"అయినా ఎవరికి తెలుస్తుందిరా? తాగేవాళ్ళకి ఏం తెలుసు?"

"ఆమెకి తెలుస్తుంది."

"ఎవరికి, ఆ ఉమ్మేసే అమ్మాయికా?"

"ఆమెకే. మెనూ మీద ఉండేది ఆమె మాట."

ఇదంతా గుమ్మంలో నిలబడి వింటున్న తల్లి, "ఓహో, అదన్నమాట సంగతి" అంది.

"ఏది సంగతి?" అన్నాడు పెద్దాయన.

"ఏం లేదు. మీరు షేడ్లు చూసుకోండి."

*

జరిగిన తప్పు వెంటనే చెప్పేస్తే అతను మంచి సప్లయరు అయ్యేవాడు. కానీ ప్రేమలో ఉన్నాడు కాబట్టి అబద్ధం చెప్పాడు.

"కస్టమ్స్‌లో ఉంది మేడమ్" అన్నాడు ఫోన్లో. మర్నాడు కూడా అదే అన్నాడు. ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. ఒక మెసేజ్ మాత్రం పెట్టాడు: 'పరిస్థితులు అనుకూలించగానే తెలియజేస్తాను.' క్యాటలాగులో కూడా అంత చెత్త వాక్యం లేదు.

హోటల్‌కి సామాను తెచ్చే లారీవాళ్ళే టైల్స్ గోడౌన్‌కీ తెస్తారు. కంటెయినర్ ఎప్పుడో వచ్చి దిగిపోయిందని ఆమెకి వాళ్ళే చెప్పారు.

ఆ సాయంత్రం వాన. అతను షట్టరు సగం దించి బయటికి వస్తుంటే, షాపు ముందు రేకు కింద ఆమె నిలబడి ఉంది. గొడుగు ఉంది గానీ తెరవలేదు. జుట్టు తడిసి నుదుటికి అంటుకుంది. వేరే సందర్భంలో అయితే అతను దీని మీద ఒక పేజీ రాసేవాడు.

"ఎవరికి అమ్మారు?" అంది.

"ఏంటి?"

"నా సరుకు. సముద్రం పక్క హోటల్‌వాళ్ళు ఎక్కువ ఇస్తామన్నారా? చెప్పండి. వ్యాపారం కదా, నేనేం ఏడవను. కానీ కస్టమ్స్ అని అబద్ధం చెప్పారు చూడండి, అది మాత్రం నాకు నచ్చలేదు."

"ఎవరికీ అమ్మలేదు."

"అయితే లోపలే ఉందా?"

"ఉంది."

"ఏసీ ఆగిపోయిందా?"

"బ్రహ్మాండంగా పనిచేస్తోంది."

"మరి?"

అతను షట్టరు వైపు చూశాడు. వాన వైపు చూశాడు. అటు నుంచి ఏ సాయమూ రాలేదు.

"మా నాన్న షేడ్ మ్యాచింగ్ చేశాడు."

మొత్తం చెప్పాడు. టార్చి, పెట్టెలు, జిగురు, సింహం. ఆమె మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అతను ముగించాక గొడుగు కొనతో నేల మీద నీళ్ళని ఒక పక్కకి తోసింది.

"ఇది ముందే ఎందుకు చెప్పలేదు?"

"చెబితే మీరు ఇంక రారేమోనని."

"చెప్పకపోతే?"

"అది ఆలోచించలేదు."

"మీ నాన్నగారు వైన్‌ని టైల్స్ అనుకున్నారు. దానికి కారణం ఉంది, ఆయనకి తెలిసింది అదే. మీరు నన్ను ఏమనుకున్నారు?"

ఆమె షట్టరు వైపు చూపించింది.

"ఎత్తండి. చూద్దాం."

*

షాపు వెనక గోడౌన్లో, గొంతులు విని భార్యతో సహా ఇంట్లోంచి వచ్చిన పెద్దాయన టార్చితో సిద్ధంగా ఉన్నాడు. ఆయన మొహంలో నేరం చేసిన ఛాయలు లేవు. మెచ్చుకోవడం ఆలస్యమైందన్న నొప్పి మాత్రం ఉంది.

"మీకు రెండు సంవత్సరాలు విడదీయాలి, అంతేగా అమ్మా. ఆ పని నేను ముందే చేసేశాను. వయసు మీద పడితే రంగు దిగుతుంది. టైల్‌కైనా, మనిషికైనా. ఈ లేత షేడ్లు రెండూ పాతవి, అంటే మీ ఎండ ఏడాది. ఈ ముదురువి రెండూ వాన ఏడాది."

ఆమె కనుబొమలు లేచాయి. "నిజానికి అది తప్పు కాదు సార్. ఎర్ర వైన్‌కి వయసొస్తే రంగు ఇటుకలా మారుతుంది."

పెద్దాయన కొడుకు వైపు చూసిన చూపుని క్యాటలాగులో అచ్చువేయించవచ్చు.

లేత వరసలోంచి ఒక సీసా తీశారు. ఆమె మూత తీసి కార్కు చూసింది. ఎండ ఏడాది. ముదురు వరసలోంచి ఇంకోటి తీశారు. వాన ఏడాది.

"చూశావా?" అన్నాడు పెద్దాయన భార్యతో.

"చూస్తున్నా" అంది ఆవిడ.

మళ్ళీ లేత వరసలోంచి ఒకటి. ఆమె కార్కుని వెలుగులో తిప్పి, ఏమీ అనకుండా ఆయన అరచేతిలో పెట్టింది. వాన ఏడాది.

"ఈ సీసా గాజే పలచగా ఉన్నట్టుంది" అన్నాడాయన. "ఇంకోటి తియ్యండి."

ఇంకోటి కూడా వానదే.

"టార్చిలో బ్యాటరీ..."

"చాలు సార్" అంది ఆమె. "తీసినకొద్దీ మీ సరుకే పోతుంది. ఒక్కో తోటలో ఎండ పడ్డ వైపు ఒక రంగు, నీడ వైపు ఒక రంగు ఉంటుంది. కన్నుతో తేలేది కాదు ఇది."

తెరిచిన సీసాలోంచి కొంచెం గ్లాసులో పోసుకుని తాగింది.

"మింగేసింది" అన్నాడు పెద్దాయన భార్య చెవిలో.

"కోపంలో ఉంది లెండి."

ఆమె మేనేజరుకి ఫోన్ చేసింది. అందరికీ వినపడాలని స్పీకరు పెట్టింది. జరిగింది జరిగినట్టు చెప్పి, వేరే వైన్ చూసుకోవడానికి కొంచెం వ్యవధి కావాలంది. అవతల మేనేజరు తేలిగ్గా నవ్వాడు.

"దీనికేనా మేడమ్ ఇంత కంగారు? సీసా మీద సంవత్సరం కనపడట్లేదు, ఇంకా మంచిదేగా. మెనూలో మంచి సంవత్సరమే వేసేద్దాం. మీరు సంతకం పెట్టేయండి. సప్లయర్ కూడా సంతోషిస్తాడు. అయినా ఎవరికి తెలుస్తుంది? తాగేవాళ్ళకి ఏం తెలుసు?"

పెద్దాయన మొహం మొదట వెలిగింది. ఆర్డరు నిలబడింది. హోటల్ ఒప్పుకుంది. మిగిలింది ఒక్క సంతకం. ఆయన ఆమె చేతి వైపు ఆశగా చూశాడు.

"వద్దు" అన్నాడు అబ్బాయి.

"నువ్వాగరా. ఆవిడ ఇష్టం అది."

"ఆవిడకి ఆ పరిస్థితి తెచ్చింది మనం కదా నాన్నా. ఒక్కటి అడుగుతాను చెప్పండి. టైల్స్‌లో సెకండ్స్‌ని ఎప్పుడైనా ఫస్ట్ క్వాలిటీ అని అమ్మారా?"

"నేనా? ఎవరితో మాట్లాడుతున్నావు నువ్వు?"

"అమ్మలేదు. మూల విరిగిన పలకని మీ చేత్తో మీరే ముక్కలు చేసేవారు, ఎవరైనా ఏరుకెళ్ళి మంచిదని వేసేస్తారేమోనని. మరి ఇప్పుడేమైంది?"

"అది వేరురా. అది కనిపిస్తుంది. ఇది కనిపించదు కదా" అన్నాడు పెద్దాయన.

అనేసి, తను అన్నది తనకే వినపడినట్టు ఆగిపోయాడు. భార్య ఆయన వైపు చూడలేదు. చీర కొంగుతో గ్లాసు అంచు తుడుస్తూ ఉంది. ఆ తుడవడం చాలాసేపు సాగినట్టు ఆయనకి అనిపించింది.

ఫోన్లో మేనేజరు, "మేడమ్, లైన్లో ఉన్నారా?" అంటున్నాడు.

పెద్దాయన ఫోన్ తన ముందుకి లాక్కున్నాడు.

"నేను సప్లయర్‌ని మాట్లాడుతున్నాను. సరుకు పంపించడం లేదు."

"సార్, మీకోసమే కదా నేను..."

"మాకోసం వద్దు. తప్పు మాది. ఏ సీసా ఏ సంవత్సరమో మాకు తెలియదు. తెలియనిదానికి ఈ అమ్మాయి సంతకం ఎందుకు పెడుతుంది?"

మేనేజరుకి అలాంటి భాష అలవాటు లేదు. ఫోన్ పెట్టేశాడు.

"ఇప్పుడు సంతోషమేనా అందరికీ?" అని పెద్దాయన టార్చి ఆర్పి, ఎవరూ కూర్చోకూడని పెట్టె మీదే తను కూర్చున్నాడు.

ఆమె తెరిచిన సీసాలకి కార్కులు మళ్ళీ బిగించింది. తర్వాత మెల్లగా అంది: "మొత్తం వాన ఏడాది పేరుతోనే అమ్మండి సార్. దాని ధరకే. కొందరికి అనుకున్నదానికంటే మంచిది దొరుకుతుంది. దానికి మిమ్మల్ని ఎవరూ తిట్టరు."

*

అలాగే అమ్మారు. చిన్న చిన్న రెస్టారెంట్లు కొన్నాయి. ప్రతి పెట్టె వెళ్ళిపోతుంటే పెద్దాయన దానిలో ఎండ సీసాలు ఎన్ని ఉన్నాయో ఊహించుకుని, వీధి మలుపు దాకా కళ్ళతోనే సాగనంపేవాడు.

హోటల్లో మేనేజరు వేరే డీలరు దగ్గర దొరికిన సరుకు తెప్పించాడు. ఆమె రుచి చూసి సంతకం పెట్టనంది. జ్యూసుల దగ్గరికి వెళ్ళమన్నాడు. రాజీనామా ఇచ్చేసింది.

ఈ వార్త విన్న రోజు పెద్దాయన భోజనం మధ్యలో ప్రకటించాడు. "ఆ అమ్మాయిని మన దగ్గర పెట్టుకుందాం."

"ఏమని?" అంది భార్య.

"ఏమనేంటి? రుచి చూసేవాళ్ళు లేకే కదా ఇంత గొడవ. ఆ అమ్మాయికి నాలుక ఉంది. నిజం కూడా మాట్లాడుతుంది. ఖర్చు కాస్త ఎక్కువైనా ఫర్వాలేదు."

"ఉద్యోగానికి పిలుస్తారా, కోడలిగా పిలుస్తారా? అది తేల్చుకుని వెళ్ళండి. రెండూ కలిపి ఒకే మాటలో అడిగారో, ఆ పిల్ల మనిద్దరి మొహాలూ చూడదు."

పెద్దాయన కొడుకు వైపు తిరిగాడు. కొడుకు మంచినీళ్ళు తాగుతున్నాడు. గ్లాసు ఖాళీ అయినా తాగుతూనే ఉన్నాడు.

"ఇదెప్పట్నుంచి?" అన్నాడు పెద్దాయన.

"మీరు గిన్నె వైపు చూస్తున్నప్పట్నుంచి" అంది ఆవిడ.

*

ఆమె హోటల్‌కి ఆఖరిసారి వచ్చిన రోజు సన్నగా వాన పడుతోంది. వెనక గేటు దగ్గర, సొంత గ్లాసులు సర్దుకున్న అట్టపెట్టె ఎత్తుకుని ఆటో కోసం చూస్తోంది. రోడ్డుకి అవతల వాళ్ళ కారు ఆగింది. డ్రైవింగు సీట్లోంచి అబ్బాయి దిగి, వానలో తడుస్తూ వచ్చాడు.

"ఎందుకొచ్చారు?"

"మా నాన్న నీకు ఉద్యోగం ఇస్తానంటున్నాడు."

'నీకు' అన్న మాట దగ్గర ఆమె చూపు ఒక్క క్షణం ఆగి, ముందుకెళ్ళింది.

"మీరేమంటున్నారు?"

"ఇప్పుడే వద్దంటున్నాను."

ఆమె మొహం మారింది. "వద్దా?"

"ముందు జీతానికి చేరితే, తర్వాత నేను ఏం అడిగినా నీకు ఉద్యోగం గుర్తొస్తుంది. కాదనాలంటే జంకుతావు. అందుకని ముందు నాది అడుగుతాను. ఉద్యోగం సంగతి ఆయన తర్వాత అడుగుతాడు. నాకు కాదని చెప్పి ఆయనకి అవునని చెప్పొచ్చు. మాట తీసుకునే వచ్చాను."

"మీ నాన్నగారు ఒప్పుకున్నారా దీనికి?"

"అమ్మ ఒప్పించింది."

"అడగండి మరి."

అతను ఊపిరి పీల్చుకున్నాడు. "ఈ చిరుజల్లుల్లో..."

"వాన సంగతి వదిలెయ్యండి. నాకూ కనిపిస్తోంది."

"సరే." మొహం మీది నీళ్ళు తుడుచుకున్నాడు. "నువ్వు ఫోన్ చేస్తే భయమేస్తుంది. చెయ్యకపోతే ఇంకా భయమేస్తుంది. నీకు అబద్ధం చెప్పి తిరిగిన రోజుల్లో అన్నం సహించలేదు. ఇంకోసారి చెప్పను. పొగడటం నాకు రాదని నీకు తెలుసు. నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

ఆమె అట్టపెట్టెని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"బరువుగా ఉంది. పట్టుకో."

"ముందు జవాబు చెప్పు."

"చెప్పాను కదా. నా గ్లాసులు నేను ఇంతవరకూ ఎవరికీ పట్టుకోవడానికి ఇవ్వలేదు."

అవతల కారులో అద్దాలకి ఆవిరి పట్టింది. ముందు సీట్లో పెద్దాయన చేతిరుమాలుతో అద్దం తుడిచి, కన్ను చిట్లించి చూస్తున్నాడు.

"ఏమంటున్నారే? పెట్టె వాడి చేతిలోకి ఎందుకొచ్చింది? ఇచ్చేసి వెళ్ళిపోతోందా?"

"మీరలా గుడ్లప్పగించి చూడకండి. పిల్ల ఇబ్బంది పడుతుంది" అంది వెనక సీట్లోంచి భార్య.

ఇద్దరూ రోడ్డు దాటి వచ్చారు. తల్లి తలుపు తీసింది. ఆమె వెనక ఎక్కబోతుంటే ఆపింది.

"నువ్వు ముందు కూర్చోమ్మా. ఏవండీ, మీరిలా వెనక్కి రండి."

పెద్దాయన తన కారులో వెనక సీటు ఎలా ఉంటుందో ఆ రోజు వరకూ చూడలేదు. వానలో దిగి, తడిసి, వెనక్కి వచ్చి కూర్చున్నాడు. అబ్బాయి అట్టపెట్టె తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టాడు.

"సార్, కాస్త జాగ్రత్త. అవన్నీ పలచటి గాజు" అంది ఆమె వెనక్కి తిరిగి.

"సార్ ఏంటి? మామయ్య అను" అంది ఆయన భార్య.

ఆమె ఒక క్షణం తటపటాయించింది. "మామయ్యా, జాగ్రత్త."

పెద్దాయన రెండు చేతులూ పెట్టె చుట్టూ వేసి, కారు గతుకులో పడ్డప్పుడల్లా కొడుకుని తిడుతూ, ఇల్లు చేరేదాకా దాన్ని గుండెలకి హత్తుకుని కూర్చున్నాడు.